పల్లం ఇద్వల్ ఇంజను

ఇద్వల్ ప్రిచర్డ్ తన ట్రాక్టర్‌ని చదును నేల మీద ఆపడు. ప్రాణం పోతుందన్నా ఆపడు. నీరు పల్లమెరుగు అంటారు గానీ, మా హెలిగ్ లోయలో నీటికి కూడా తెలియని పల్లాలు నాలుగైదు ఇద్వల్‌కి తెలుసు. మా వేల్స్ కొండల్లో ఒకే పేరు పదిమందికి ఉంటుంది కాబట్టి మనిషి పనినో పిచ్చినో పేరుకి తగిలించి పిలుచుకుంటాం. రొట్టెల ఎవాన్స్ ఉన్నాడు, శవపెట్టెల ఎవాన్స్ ఉన్నాడు. అలాగే ఇతను పల్లం ఇద్వల్.

తప్పు ఇద్వల్‌ది కాదు, ట్రాక్టర్‌ది. దాని ఇంజను ఎప్పుడో బోరుకొచ్చింది. సెల్ఫ్ కొడితే నాలుగుసార్లు దగ్గి, నీలం పొగ వదిలి, మళ్ళీ పడుకునేది. పల్లంలో వదిలి, కాస్త వేగం అందుకున్నాక గేరులో వేసి క్లచ్ వదిలితేనే లేచేది. అందుకని ఎక్కడికి వెళ్ళినా ముందు పల్లం వెతుక్కోవాలి, తర్వాతే వచ్చిన పని. కోటు జేబులో ఎప్పుడూ ఒక గుండ్రటి బంగాళదుంప ఉండేది. కొత్త చోటికి వెళితే దాన్ని నేల మీద పెట్టి చూసేవాడు. దొర్లితే అక్కడ ఇంజను ఆపేవాడు, దొర్లకపోతే ఆపకుండానే దుంపని జేబులో వేసుకుని ముందుకు పోయేవాడు.

ఒకసారి పన్ను నొప్పి పట్టుకుంది. పళ్ళ డాక్టరు వీధి బల్లపరుపు. దవడ గుమ్మడికాయంత వాచినా ఇద్వల్ అక్కడ ఆగలేదు. పన్నెండు మైళ్ళు వెళ్ళి, కొండవాలున ఉన్న పశువుల డాక్టరు చేత పీకించుకొచ్చాడు. "ఎద్దుకీ నీకూ దవడలో పెద్ద తేడా లేదన్నాడు, మంచి మనిషి" అని అందరికీ చెప్పుకున్నాడు.

వయసులో ఉండగా మేనత్త ఒకామె మోన్ ద్వీపంలో సంబంధం చూసింది. వెళ్ళి చూసి, సాయంత్రానికల్లా తిరిగొచ్చాడు.

"పిల్ల ఎలా ఉందిరా?" అంది మేనత్త.

"పిల్ల బంగారం అత్తా."

"మరి?"

"ఊరే... పొద్దున్నించి తిరిగాను. దుంప ఒక్కచోట కూడా దొర్లలేదు."

అలా ఇద్వల్‌కి పెళ్ళి కాలేదు. ఆ పిల్లకి మాత్రం అయింది. ఆమె మొగుడి ట్రాక్టరు ఒక్క సెల్ఫ్‌కే లేస్తుందట.

ఇక ప్రార్థన మందిరం సంగతి. అది వాలులోనే ఉంది, దేవుడి దయ. ఇద్వల్ ట్రాక్టర్‌ని పై దారిలో, మూతి కిందకి పెట్టి, చక్రం కింద చెక్క దుంగ అడ్డేసి వచ్చేవాడు. ఒక ఆదివారం పాస్టరుగారు పాపాన్ని గురించి గంటా పది నిమిషాలుగా చెబుతున్నారు. దుంగ జారింది. తెరిచిన తలుపుల్లోంచి ట్రాక్టరు నెమ్మదిగా, చప్పుడు లేకుండా తమవైపే వస్తూండడం పాస్టరుగారికి ఒక్కరికే కనిపించింది. మిగతావాళ్ళ వీపులు అటున్నాయి. ఆయన వాక్యం మధ్యలోనే "ఆమెన్" అన్నారు. ట్రాక్టరు గేటు స్తంభానికి ఆనుకుని ఆగింది. ఆ రోజు ఊళ్ళో అందరూ వేడివేడిగా మధ్యాహ్నం భోజనం చేశారు. వచ్చే ఆదివారం కూడా దుంగ కాస్త వదులుగా పెట్టమని ఇద్వల్‌ని బతిమాలినవాళ్ళున్నారు.

ఇద్వల్ పొలం పైన ఉంది. అక్కడి నుంచి సన్నటి దారి కిందికి దిగి, తలవెర్న్ అనే పొలం గేటు దగ్గర చదునులో కలుస్తుంది. తలవెర్న్ గ్విలిందీ, అతని భార్య టెగ్వెన్‌దీ. ఇద్వల్ రోజూ పొద్దున్నే ఆ దారిలో ట్రాక్టర్‌ని వదిలేవాడు. సాధారణంగా సగం దారిలోనే లేచేది. నెలకి ఒకటి రెండుసార్లు మొండికేస్తే గ్విలిం గేటు దగ్గరికొచ్చి చతికిలబడేది. అప్పుడు గ్విలిం తన ట్రాక్టర్ తెచ్చి, గొలుసు కట్టి లాగేవాడు. తర్వాత ఇద్దరూ గేటు మీద మోచేతులానించి అరగంట కబుర్లు చెప్పుకునేవాళ్ళు. లాగడం ఐదు నిమిషాల పనే.

టెగ్వెన్ వంటింటి కిటికీలోంచి చూసి గొణుక్కునేది. "ఆ మనిషి ఇంజను బాగుచేయించుకోడు, ఈ మనిషి టీ చల్లారుతుందని చూడడు."

చివరికి ఒక చలికాలం ఇద్వల్ ఇంజను విప్పాడు. సొంతంగానే. కుర్రతనంలో ఆ పని చేసిన మంచి మెకానిక్కే అతను, మా లోయలో ఆ మాట ఎవరూ కాదనరు. ఊళ్ళో గరాజు ఎమ్లిన్‌ది. "నాకివ్వు, వారంలో ఇస్తా" అన్నాడు ఎమ్లిన్. "నా ఇంజన్లో నువ్వు చెయ్యి పెడితే నీ ఇంట్లో వంట నేను చేసినట్టుంటుంది" అన్నాడు ఇద్వల్. వంటింట్లోనే దుకాణం పెట్టాడు. పిస్టన్లు పింగాణీ పళ్ళేల పక్కన కూర్చున్నాయి. పిస్టన్ రింగులు టోపీల కొక్కేలకి వేలాడాయి. సిలిండర్లలో వేసే కొత్త లైనర్లు మంచం కింద చేరాయి. రెండు నెలలు ఇద్వల్ నిలబడే అన్నం తిన్నాడు, కుర్చీల మీదంతా ఇంజనే కాబట్టి.

ఆ చలికాలమే గ్విలిం మంచాన పడ్డాడు. లేవడని అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. ఇద్వల్ రోజూ సాయంత్రం ఏదో ఒక భాగాన్ని గోనెసంచిలో చుట్టి, మోసుకొచ్చి, మంచం మీద పెట్టేవాడు. గ్విలిం దిళ్ళకి ఆనుకుని కూర్చుని వాల్వులు సందు లేకుండా అతుక్కునేలా అరగదీసేవాడు. మెత్తటి రాపిడి ముద్ద పూసి, ఇటు అర చుట్టు, అటు అర చుట్టు. దుప్పటి నల్లగా అయ్యేది.

"ఇంట్లో రోగి ఉన్నాడా, గరాజు ఉందా?" అని టెగ్వెన్ అరిచేది.

"రోగి మెకానిక్కయ్యాడే" అని గ్విలిం నవ్వేవాడు.

ఎనిమిది వాల్వులూ అతనే పూర్తిచేశాడు. చివరిదాన్ని వెలుగుకి ఎత్తి చూసి, "ఇక ఇది సెల్ఫ్‌తో లేస్తుంది ఇద్వల్, నువ్వా దుంపని కూరొండుకోవచ్చు" అన్నాడు. ఫిబ్రవరి ఆఖర్న పోయాడు.

టెగ్వెన్ ఏడ్చింది, గొర్రెలకి మేత వేసింది, మళ్ళీ ఏడ్చింది. తర్వాత కూర్చుని ఒక ఉత్తరం రాసింది. పొలం కౌలుది, భూస్వామి గుమాస్తాకి మార్చి ఇరవై అయిదులోగా తెలియజేస్తే ఏడాది చివర వదిలేసుకోవచ్చు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఒక్కసారి కూడా ట్రాక్టర్ ఎక్కలేదు. గ్విలిం ఎక్కనివ్వలేదు, ఆమె అడగనూ లేదు. ట్రాక్టర్ తోలలేని మనిషి కొండ మీద సేద్యం ఏం చేస్తుంది? కాపురానికొచ్చిన ఇల్లు, గ్విలిం కట్టిన రాతిగోడలు, పేరుపేరునా తెలిసిన గొర్రెలు అన్నీ వదిలి బాలా పట్నంలో చెల్లెలింట్లో వెనక గదిలో ఉండాలి. ఉత్తరం అంటించింది గానీ, పోస్టులో వెయ్యకుండా పాలజగ్గు వెనక పెట్టింది.

మార్చి నాలుగో తారీఖున, పొద్దున ఎనిమిదికి, గేటు దగ్గర కిర్రుమంది. చూస్తే పల్లం ఇద్వల్. కొత్తగా బిగించిన ఇంజనుతో, చప్పుడు లేకుండా దొర్లుకుంటూ వచ్చి చతికిలబడ్డాడు.

"లేవలేదు టెగ్వెన్."

"అంతా కొత్తది వేశారుగా!"

"వేశాను. లేవలేదు."

టెగ్వెన్ ఇంజను వైపు చూసింది. గ్విలిం ఆఖరి పని. "వాల్వులేమైనా..." అంది.

"వాల్వుల్ని ఏమీ అనకు!" అన్నాడు ఇద్వల్ గట్టిగా. "వాల్వులు అద్దాల్లా ఉన్నాయి. తప్పెక్కడో నేను బిగించడంలో ఉంది. వెళ్ళి మీ ట్రాక్టర్ తీసుకురా."

"నేనా? నాకు రాదు!"

"మరి నేనిక్కడే ఉండాలా? నా గొర్రెలు ఈనుతున్నాయి పైన."

గొర్రెలు ఈనుతుంటే మా దగ్గర ఎవరూ కాదనరు. టెగ్వెన్ గ్విలిం కోటు తొడుక్కుని, గ్విలిం ట్రాక్టర్ ఎక్కింది. ఇద్వల్ కింద నిలబడి పాఠం చెప్పాడు.

"ఎడమ కాలు క్లచ్. కుడి కాలు బ్రేకు. ఇదిగో ఈ పిడి స్టాపరు. బయటికి లాగితే డీజిల్ ఆగిపోతుంది, ఇంజను చస్తుంది. లేపాలంటే ముందు దీన్ని లోపలికి తొయ్యాలి. మర్చిపోయావనుకో, రోజంతా సెల్ఫ్ కొట్టినా లేవదు."

"అంత తెలివితక్కువదాన్ని కాదు."

"తెలివైనవాళ్ళే మర్చిపోతారు."

మొదటి రోజు ఆమె క్లచ్ ఒక్కసారిగా వదిలింది. గొలుసు టప్పున బిగిసి, ఇద్వల్ టోపీ ఎగిరి వెనక్కి పడింది. రెండో రోజు అతన్ని కాలవలోకి లాగింది. "బాగుంది, ఇప్పుడు ఇక్కణ్ణుంచి పైకి లాగు. వెనక్కి కొట్టడం నేర్చుకోవాలిగా" అన్నాడు కాలవలో కూర్చునే. ఐదో రోజు గేటు స్తంభం పడింది. "అది పాతదే" అన్నాడు. పదో రోజు ఒంటిచేత్తో తిప్పింది. ఇద్వల్ ట్రాక్టరు మాత్రం, ఎంత వేగంగా లాగినా, ఎంత నెమ్మదిగా లాగినా, రోడ్డు మీద సరిగ్గా మూడో టెలిఫోను స్తంభం దగ్గరే లేచేది.

"ఇదేం మొండి ఇంజనండీ! స్తంభాలు లెక్కపెట్టుకుంటుందా?"

"దానికి అలవాటైపోయింది" అనేవాడు ఇద్వల్, ఎటో చూస్తూ.

ఇదివరకు నెలకి ఒకటి రెండుసార్లున్న పని ఇప్పుడు రోజూ అయింది. వానొచ్చినా, మంచు పడినా ఎనిమిదింటికి గేటు దగ్గర ఇద్వల్. కోపమొచ్చేది టెగ్వెన్‌కి. కానీ ఇద్వల్ వస్తాడంటే ఏడున్నరకే లేచి మొహం కడుక్కోవాలి, ఇంజను వెచ్చబెట్టాలి. ఎలాగూ వెచ్చబడింది కాబట్టి పేడ తోలేది. ఎలాగూ బండి కట్టింది కాబట్టి గడ్డి మోసేది. మార్చి ఇరవై నాలుగున పోస్టుమాన్ హెవిన్ ఎర్ర వ్యాను ఆమె వెనకే ఇరుక్కుపోయి హారన్ కొట్టింది.

"ఉత్తరాలేమైనా ఉన్నాయా టెగ్వెన్?" అని వ్యానులోంచే అరిచాడు హెవిన్.

ఉంది, ఒకటి. పాలజగ్గు వెనక. కానీ గొలుసు చివర ఒక ట్రాక్టరు, దాని మీద ఒక ఇద్వల్, ముందు ఇంకా రెండు స్తంభాలు. "రేపు!" అని అరిచింది. ఆ రేపు కూడా అలాగే గడిచింది. గడువు పోయింది, ఏడాది పొలం ఉండిపోయింది. మరుసటి మార్చి వచ్చేసరికి పొలం దున్ని, కంచె సగం కొత్తగా వేసి ఉంది. ఆ ఏడు ఉత్తరం గుర్తొచ్చింది గానీ, హెవిన్ వ్యాను వచ్చే వేళకి ఆమె ఎప్పుడూ రోడ్డు మీదే. "పై మార్చికి చూద్దాం" అనుకుంది. ఉత్తరం అక్కడే ఉంది.

ఊరు మాత్రం ఇద్వల్‌ని వదల్లేదు. రెండు నెలలు వంటిల్లు గరాజు చేసి బిగించిన ఇంజను రోజూ ఒక ఆడమనిషి లాగితే తప్ప లేవదంటే నవ్వరా మరి!

"ఏం పల్లం, రింగులు ఎన్ని వేశావు, టోపీ కొక్కేలకి ఏమైనా మిగిలిపోయాయా?" అనేవాడు ఎమ్లిన్.

"సరిపడానే వేశాను."

"పోనీ నేను విప్పి చూస్తా. ఉచితంగా. నవ్వుకోడానికి."

"నా ఇంజను, నా ఇష్టం" అని దుంప జేబులో వేసుకుని వెళ్ళిపోయేవాడు. చేతి పనికి పేరున్న మనిషికి అంతకన్నా చిన్నతనం ఉంటుందా? టెగ్వెన్‌కే జాలేసేది. ఒక్కటి మాత్రం గమనించింది. ఎవరెంత ఏడిపించినా ఇద్వల్ చివర్న ఒక మాట కలిపేవాడు. "వాల్వులు మాత్రం బాగున్నాయి."

రెండో జూన్‌లో తలవెర్న్ ఉన్ని కోత రోజు వచ్చింది. మా లోయలో ప్రతి పొలానికీ ఒక రోజు ఉంటుంది, తాతల నాటి నుంచి అదే రోజు. ఆ రోజు చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి కోసిపెడతారు. ఇంటివాళ్ళు అందరికీ పెట్టాలి. టెగ్వెన్ తెల్లారేసరికి ఇరవైమందికి వండుతోంది. ఎనిమిదింటికి ఇద్వల్ మామూలుగానే దొర్లుకుంటూ వచ్చి గేటు దగ్గర ఆగాడు.

"ఇవాళ లాగలేను బాబూ, పొయ్యి మీద మాంసం ఉంది. ఎలాగూ ఇక్కడికేగా వచ్చారు. అక్కడే ఉండనివ్వండి."

"ఇది చదును టెగ్వెన్!"

"మీ ప్రాణం పోదులెండి."

ఇద్వల్ దుంప తీశాడు, నేల మీద పెట్టాడు, కదలని దుంపని చూసి నిట్టూర్చాడు, కత్తెర పట్టుకుని దొడ్లోకి పోయాడు.

పదకొండింటికి ఉన్ని లారీ వచ్చింది. గేటుకి అడ్డంగా ఇద్వల్ ట్రాక్టరు. డ్రైవరు హారన్ మోగించాడు.

"పల్లం గారి పల్లకీ అడ్డముంది! గొలుసు తెండి, మోసేవాళ్ళు రండి!" అని ఎమ్లిన్ కేకేశాడు. అందరూ నవ్వారు.

దొడ్లో ఇద్వల్ మోకాళ్ళ మధ్య సగం ఉన్ని కత్తిరించిన గొర్రె ఉంది. "ఎవరూ ముట్టుకోకండి! నేనొస్తున్నా!" అని అరిచాడు. కానీ సగం కత్తిరించిన గొర్రెని వదిలిపెట్టడం, సగం గీసిన గడ్డంతో పెళ్ళికి వెళ్ళడం ఒకటే. వదల్లేకపోయాడు. ఈలోగా స్టీరింగు పట్టుకుందామని టెగ్వెన్ అతని సీటెక్కి కూర్చుంది. ఎమ్లిన్ గొలుసు వెతుకుతున్నాడు.

ఆమె కిందికి చూసింది. తన ట్రాక్టర్‌లో ఉన్న చోటే, మోకాలి పక్కన, ఇక్కడా స్టాపరు ఉంది. పూర్తిగా బయటికి లాగి ఉంది.

చేతికి పదిహేను నెలల అలవాటు. ఆలోచన కన్నా ముందే వేళ్ళు దాన్ని లోపలికి తోశాయి, బొటనవేలు సెల్ఫ్ నొక్కింది.

రాత్రంతా చల్లబడి, చదును నేల మీదున్న ఆ ఇంజను ఒక్క తిప్పుకి లేచింది. దగ్గు లేదు, నీలం పొగ లేదు. గడియారంలా, మెత్తగా, నాలుగు సిలిండర్లూ వరసగా. టెగ్వెన్ స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఆ మెత్తదనం ఎవరి చేతిదో ఆమెకి తెలుసు. ఇటు అర చుట్టు, అటు అర చుట్టు. తర్వాత మూడో స్తంభం గుర్తొచ్చింది. ప్రతిరోజూ అక్కడికి రాగానే ఇద్వల్ కుడిచెయ్యి మోకాలి పక్కకి దిగడం గుర్తొచ్చింది. కాలవలో కూర్చుని "వెనక్కి కొట్టడం నేర్చుకోవాలిగా" అనడం గుర్తొచ్చింది. ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇంటి నిండా జనం కాబట్టి రెండూ మింగేసింది.

ఎమ్లిన్ గొలుసుతో నోరు తెరుచుకు నిలబడ్డాడు. "చల్లటి ఇంజను... చదును నేల... ఒక్క సెల్ఫా?"

దొడ్లో ఇద్వల్ కత్తెర ఆగిపోయింది. తలెత్తి ఆమెని చూశాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడి మొహం.

"గుడ్డి దెబ్బ ఎమ్లిన్" అంది టెగ్వెన్. "ఒక్కోసారి తగులుతుంది. తప్పుకో, లారీకి దారివ్వాలి." ట్రాక్టర్‌ని పక్కకి తీసి, స్టాపరు లాగి ఆపింది. లోపలికి తొయ్యకుండా అలాగే వదిలి దిగింది.

భోజనాల దగ్గర ఇద్వల్ తలెత్తలేదు. రెండో ముక్క తీపి రొట్టె వద్దన్నాడు, అది మా లోయలో ఇంతవరకు జరగని విషయం. "ఆ ఇంజను..." అని ఎమ్లిన్ మళ్ళీ మొదలెట్టాడు. "ఎమ్లిన్, నోట్లో మాంసముంది, ముందు అది నములు" అంది టెగ్వెన్.

మర్నాడు ఎనిమిదైంది. గేటు దగ్గర ఎవరూ లేరు. ఎనిమిదీ పది. పావు. పైనున్న దారి ఖాళీగా ఉంది. ఇన్నాళ్ళు విసుక్కున్న మనిషి రాకపోతే పొద్దు ఎంత పెద్దదో టెగ్వెన్‌కి అప్పుడు తెలిసింది. లేచి, పాలజగ్గు వెనకున్న ఉత్తరం తీసి, పొయ్యిలో వేసి టీ కాచుకుంది. తాగి, బయటికెళ్ళి తన ట్రాక్టర్ దగ్గర ఏదో చేసి, వచ్చి ఫోను తిప్పింది.

"ఇద్వల్‌గారూ, నా ట్రాక్టరు లేవడం లేదు."

"నిన్న బాగానే ఉందిగా?"

"నిన్న మీది కూడా బాగానే ఉంది."

ఇద్వల్ ఫోను పెట్టేశాడు. నిమిషం తర్వాత పైనుంచి ఒక ఇంజను లేచిన చప్పుడు వినిపించింది. ఒక్క సెల్ఫ్‌కే. ఆ ఇంజను కొండ మీదే అలా లేవడం ఆమె వినడం అదే మొదటిసారి.

వచ్చాడు. దుంప తియ్యకుండానే చదును మీద ఆపి దిగాడు. ఆమె ట్రాక్టర్ చుట్టూ ఒకసారి తిరిగాడు, టైరుని తన్నాడు, వంగి చూశాడు. స్టాపరు పూర్తిగా బయటికి లాగి ఉంది. దాన్ని చాలాసేపు చూసి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"కంప్రెషన్ పోయినట్టుంది టెగ్వెన్. విప్పాలి."

"విప్పితే బాగవుతుందా?"

"చెప్పలేను. నాది విప్పాను, ఏమైందో చూశావుగా."

"మరి దారి?"

"రోజూ ఎవరో ఒకరు లాగాల్సిందే" అన్నాడు ఇద్వల్, గొలుసు విప్పుతూ.

"మూడో స్తంభం దాకా చాలు" అంది టెగ్వెన్. "తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

అప్పట్నించీ తలవెర్న్ గేటు దగ్గర ఒక రోజు ఆమె అతన్ని, ఒక రోజు అతను ఆమెని లాగుతున్నారు. తర్వాత గేటు మీద మోచేతులానించి అరగంట కబుర్లు. ఎమ్లిన్‌కి మాత్రం ఇది మింగుడు పడదు. గరాజుకి వచ్చిన ప్రతివాడికీ చెప్తాడు. "ఆ పల్లం గాడు తన ఇంజను పాడుచేసుకుంటే చేసుకున్నాడు. బంగారంలాంటి గ్విలిం ఇంజను కూడా చెడగొట్టాడయ్యా!"